పాలు అడిగితే పులి వచ్చింది

మా తాత ఛత్తాబజార్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కంపోజిటర్‌గా చేసి రిటైరయ్యాడు. పొద్దంతా వేరేవాళ్ల పెళ్లి కార్డులకి సీసం అక్షరాలు పేర్చి, రాత్రి గౌలిపురాలో మా ఇంటికొచ్చాక తన సంగతులు నోటుబుక్కులో రాసుకునేవాడు. 1974 నుంచి 1996 దాకా మొత్తం పదకొండు నోటుబుక్కులు. ఏ రోజు ఏం కొన్నాడు, ఎవరొచ్చారు, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాడు, అన్నీ అందులో ఉంటాయి. పెద్ద సాహిత్యమేం కాదు. కానీ మా ఇంట్లో ఏ గొడవ వచ్చినా తాత అనే మొదటి మాట ఒకటే: "పుస్తకంల చూడుండ్రి."

చూడాలంటే ఆరొందల నలభై పేజీలు తిప్పాలి. అందుకని రెండు వేసవి సెలవుల్లో నేనూ, మా పెద్దనాన్న కూతురు అక్కా కూర్చుని అవన్నీ టైప్ చేశాం. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. మొదట్లో తాత చేతిరాతలో ప్రతి ఒత్తు దగ్గరా ఆగిపోయేదాన్ని. రెండో సెలవులకి కాస్త గాడిలో పడ్డా. టైపింగ్ అయ్యాక "దీనికి సెర్చ్ పెడదాం, ఒక సాయంత్రం పని" అనుకున్నా. సెకండియర్ సీఎస్ఈ కదా, ఆ మాత్రం ధైర్యం ఉంటుంది. ఆ ఒక సాయంత్రం రెండు నెలలైంది. మధ్యలో మా తాతకి నావల్ల ఒక అన్యాయం కూడా జరిగింది. అదీ చెప్తా. తెలుగు టెక్స్ట్‌కి సెర్చ్ పెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. మన పత్రికలో తెలుగు లిపి తప్ప ఇంకోటి వేయరు కాబట్టి కోడ్ ఉండదు, మాటల్లోనే చెప్తా.

ముందు రెండు ముక్కలు బేసిక్స్. ఫుల్ టెక్స్ట్ సెర్చ్ అంటే మీరు మాట అడిగాక కంప్యూటర్ అన్ని పేజీలూ చదవడం కాదు. అది ముందే చదివేసి, ఏ మాట ఏ పేజీలో ఎన్నో స్థానంలో ఉందో ఒక పట్టీ రాసి పెట్టుకుంటుంది. దీన్నే ఇన్వర్టెడ్ ఇండెక్స్ అంటారు. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది కదా, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. అలాంటి పెద్ద లైబ్రరీలో పుస్తకం కావాలంటే ఎవరూ బీరువాలన్నీ వెతకరు, కేటలాగ్ చూస్తారు. మన క్వెరీ కూడా వెళ్లి చూసేది కేటలాగ్‌నే, బీరువాని కాదు. ఈ తేడా నాకు తెలుసనే అనుకున్నా. పరీక్షలో రాశాను కూడా. నిజంగా తెలిసింది మాత్రం ఆలస్యంగా.

టెక్స్ట్‌ని మాటలుగా విడగొట్టే భాగాన్ని టోకెనైజర్ అంటారు, అది ఇచ్చే ఒక్కో ముక్క టోకెన్. ఇండెక్స్‌లోకి వెళ్లేవి ఈ టోకెన్లే. క్వెరీని కూడా అదే టోకెనైజర్ విడగొడుతుంది. రెండు వైపులా వచ్చిన టోకెన్లు అచ్చుగుద్దినట్టు ఒకటే అయితేనే ఫలితం వస్తుంది. సెర్చ్‌లో తేడా వస్తే నూటికి తొంభైసార్లు గుట్టు ఇక్కడే ఉంటుందని నా అనుభవం.

నేను వాడింది ఎస్‌క్యూలైట్‌లో ఉండే ఎఫ్‌టీఎస్5. సర్వర్ అక్కర్లేదు, డేటా అంతా ఒక్క ఫైల్‌లో ఉంటుంది, పైథాన్ నుంచి నేరుగా వాడుకోవచ్చు. నా పాత ల్యాప్‌టాప్‌కి అంతకంటే బరువైనది ఎక్కదు. టేబుల్ కట్టి పేజీలన్నీ ఎక్కించి మొదటి క్వెరీ కొట్టా: "పాలు". తాత పాల లెక్కలు చాలా రాశాడు కాబట్టి బోలెడు వస్తాయని నమ్మకం.

బోలెడు వచ్చాయి. మొదటి ఫలితం, నెహ్రూ జూకి పోయి పులిని చూసిన రోజు. రెండోది ఎవరిదో పొలం తగాదా. మూడోది మా ఇంటి పిల్లి చచ్చిపోయిన రోజు. నాలుగోదాంట్లో పాలూ లేవు, పులీ లేదు, ఎవరో ఏదో "చెప్పి లేచాడు" అని ఉంది, అంతే.

నవ్వొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. "మామ" అని కొడితే "మేము" అన్న పేజీలన్నీ వచ్చాయి. "తాత" అని కొడితే "చేతితో" వచ్చింది. ఏదో పద్ధతి ప్రకారమే తప్పు జరుగుతోందని అర్థమైంది కానీ ఆ పద్ధతేంటో తెలీలేదు. క్లూ మాత్రం కళ్లముందే ఉంది. దొరికిన మాటకి పసుపు రంగు పూయమని హైలైట్ ఫంక్షన్ పెట్టాను. "పులి"లో "పుల" వరకే పసుపు పడి, చివరి గుడి మాత్రం ఒక చుక్కల సున్నా మీద కూర్చుని బయట వేలాడుతోంది. అది ఫాంట్ సమస్య అనుకుని రెండు రోజులు ఫాంట్లు మార్చా. ఫాంట్ పాపం ఏం చేసింది!

తర్వాత చేసిన పని మొదటే చేయాల్సింది. ఎఫ్‌టీఎస్5లో వొకాబ్ అని ఒక చిన్న సదుపాయం ఉంది. ఇండెక్స్‌లో నిజంగా ఏ టోకెన్లు ఉన్నాయో, ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చిందో టేబుల్‌లా చూపిస్తుంది. తెరిచి చూస్తే మాటలే లేవు. న, ల, క, డ, ర, త, ప... పై నుంచి కింద దాకా ఒంటరి అక్షరాలు. మధ్యమధ్య "నగర", "తర", "అమ" లాంటి తెగిన ముక్కలు. గుణింతం ఒక్కటి లేదు, పొల్లు లేదు, సున్నా లేదు.

అప్పుడు డాక్యుమెంటేషన్ చదివా. (అవును, అప్పుడే.) ఎఫ్‌టీఎస్5 డిఫాల్ట్ టోకెనైజర్ పేరు యూనికోడ్61. యూనికోడ్‌లో ప్రతి గుర్తుకీ ఒక జాతి ఉంటుంది: అక్షరం, అంకె, విరామ చిహ్నం, ఇంకా మార్క్ అని ఒక జాతి. ఈ టోకెనైజర్ డిఫాల్ట్‌గా అక్షరాలనీ అంకెలనీ మాత్రమే మాటలో భాగంగా తీసుకుంటుంది, మిగతావన్నీ దానికి స్పేస్ కిందే లెక్క. మన అ, క, ప, ల ఇవన్నీ అక్షరాల జాతి. కానీ దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, పొల్లు, చివరికి నిండుసున్నా కూడా మార్క్ జాతి. అంటే "పాలు"లో దీర్ఘం దగ్గర ఒకసారి, కొమ్ము దగ్గర ఇంకోసారి మాట తెగిపోతుంది. మిగిలేవి ప, ల. "పులి"కీ ప, ల. "పొలం"కీ ప, ల. "పిల్లి"కి ప, ల, ల. క్వెరీలో ఒక మాట ఇలా రెండు టోకెన్లుగా తెగితే ఎఫ్‌టీఎస్5 వాటిని పక్కపక్కనే ఉండాల్సిన ఫ్రేజ్‌గా చూస్తుంది. అందుకే "చెప్పి లేచాడు" కూడా పట్టుబడింది: చ, ప, ప, ల, చ, డ. ఒక మాట చివరి ప, ఇంకో మాట మొదటి ల పక్కపక్కన పడ్డాయి. గుణింతం లేని అక్షరాలు వరసగా ఉంటే తెగవు కాబట్టి "కలత" లాంటి మాట బతికిపోతుంది. టెస్ట్ చేయడానికి నేను మొదట రాసుకున్న మాటలు "కల", "తల", "పలక". అన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి! టెస్ట్ కేసులు మనకి తేలికైన మాటలతో రాసుకుంటే ఇలాగే మోసపోతాం.

ఇది ఒక్క ఎఫ్‌టీఎస్5 సంగతి కాదు. పైథాన్‌తో వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీలో మాటని పట్టుకోవడానికి అందరం వాడే స్లాష్ డబ్ల్యూ ఉంది కదా, అదీ అంతే. "పాలు" ఇస్తే ప, ల అని రెండు ముక్కలిస్తుంది. మీ మినీ ప్రాజెక్ట్‌లో తెలుగు ట్వీట్లకి వర్డ్ క్లౌడ్ చేసి, అందులో అన్నీ ఒంటరి హల్లులు వచ్చి ఉంటే కారణం ఇదే. లూసీన్ అలా కాదు. 1999లో డగ్ కటింగ్ మొదలుపెట్టిన లైబ్రరీ అది, పేరు వాళ్లావిడ పేరులోని మధ్య మాట. దాని స్టాండర్డ్ టోకెనైజర్ యూనికోడ్ వాళ్ల మాటల హద్దుల నియమాల్ని పాటిస్తుంది కాబట్టి గుణింతాన్ని అక్షరంతోనే ఉంచుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ కూడా లూసీన్ మీదే నిలబడింది కాబట్టి అక్కడా ఈ గొడవ రాదు.

వొకాబ్ లిస్ట్ తాతకి చూపించా. కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ దగ్గరికి వంగి చూశాడు. "ఏంది బిడ్డా, ఒత్తులు, గుణింతాలు అన్నీ కింద పోసినవా?" అన్నాడు. కంపోజింగ్‌లో పేర్చిన టైపు చేతిలోంచి జారిపడితే ఎలా ఉంటుందో అలా ఉందట.

సరిచేయడం తేలికే. టేబుల్ కట్టేటప్పుడు టోకెనైజర్‌కి కేటగరీస్ అని ఒక ఆప్షన్ ఇవ్వొచ్చు. డిఫాల్ట్‌గా అక్షరాలకి ఎల్ స్టార్, అంకెలకి ఎన్ స్టార్, ఇంకా సీఓ అని ఉంటాయి. వాటి పక్కన మార్కుల కోసం ఎమ్ స్టార్ చేర్చాలి, అంతే. కానీ టోకెనైజర్ మార్చినంత మాత్రాన పాత ఇండెక్స్ మారదు. అందులో పాత ముక్కలే ఉంటాయి. టేబుల్ తీసేసి, కొత్త ఆప్షన్‌తో కట్టి, పేజీలన్నీ మళ్లీ ఎక్కించాలి.

ఇది చేస్తున్నప్పుడే ఇంకో బొక్క బయటపడింది. నేను డిస్క్ ఆదా అని అసలు టెక్స్ట్‌ని మామూలు టేబుల్‌లో పెట్టి, ఎఫ్‌టీఎస్ టేబుల్‌ని దానికి ఎక్స్‌టర్నల్ కంటెంట్‌గా తగిలించా. అంటే ఎఫ్‌టీఎస్ దగ్గర కేటలాగ్ మాత్రమే ఉంటుంది, పుస్తకం వేరే చోట ఉంటుంది. అక్క ప్రూఫ్ చదివి తప్పులు దిద్దినప్పుడు మారింది పుస్తకమే, కేటలాగ్ కాదు. రెండూ కలిసి నడవాలంటే ట్రిగ్గర్లు మనమే రాయాలి. లేదా అప్పుడప్పుడూ రీబిల్డ్ కమాండ్ ఇవ్వాలి. నేను రెండూ చేయలేదు. మీరు ట్రిగ్గర్లు రాయండి.

కొత్త ఇండెక్స్‌లో "పాలు" అంటే పాలే వచ్చాయి. వొకాబ్ చూస్తే నిండు మాటలు. ఆ రాత్రి నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఆ గర్వం మీదున్నప్పుడే ఇంట్లో గొడవ వచ్చింది. మా చిన్న తాత, అంటే తాత తమ్ముడు, పోయి నాలుగేళ్లైంది. వాళ్ల మనవరాలి పెళ్లి కుదిరింది. మనం గట్టిగా ఏదైనా పెట్టాలన్నాడు తాత. "ఈ ఇల్లు కొన్నప్పుడు మా తమ్ముడు మూడు వేలు ఇచ్చిండు. నేను తిరిగి ఇయ్యలే. వాడు అడగలే." నాన్నేమో, అదేం లేదు, అప్పుడు డబ్బంతా నానమ్మ బంగారం అమ్మితే వచ్చిందే, నీకు యాది లేదు అన్నాడు. తాత మళ్లీ అదే మాట: "పుస్తకంల రాసిన."

అందరూ నా వైపు చూశారు. ల్యాప్‌టాప్ తెచ్చి అందరి ముందూ కొట్టా: ఇల్లు తమ్ముడు మూడు వేలు. ఫలితాలు సున్నా. విడివిడిగా కొట్టి చూడాలని తట్టలేదు. "లేదు తాతా" అన్నా. నాన్న ఏమీ అనలేదు, టీవీ సౌండ్ పెంచాడు. తాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "మరి ఉంటదేమో అనుకున్న" అని లోపలికి పోయాడు. ఆ తర్వాత వారం రోజులు పుస్తకం మాట ఎత్తలేదు. ఎనభై రెండేళ్ల మనిషి, తన జ్ఞాపకం మీద తనకే అనుమానం వచ్చినట్టు, ప్రతిదానికీ "నాకేం యాదికుంటది" అనడం మొదలుపెట్టాడు.

నాకు నిద్ర పట్టలేదు అంటే అతి అవుతుంది. పట్టింది. కానీ ఒకరోజు బస్సులో, మదీనా దగ్గర ట్రాఫిక్‌లో కూర్చుని, ఊరికే ఆ క్వెరీ గురించి ఆలోచిస్తుంటే తట్టింది: తాత ఏనాడైనా "తమ్ముడు ఇల్లు" అని మాట్లాడతాడా? "ఇంటికి" అంటాడు, "తమ్మునితోని" అంటాడు. ఇంటికెళ్లి ఇంటి కొనుగోలు జరిగిన 1983 నోటుబుక్కు ఫైల్ తెరిచి, సెర్చ్ లేకుండా వరసగా చదివా. నలభై నిమిషాల్లో దొరికింది:

"ఇంటికి అడ్వాన్సు కట్టిన. తమ్మునితోని మూడువేలు తీస్కున్న. దసరకు ఇయ్యాలె."

నా క్వెరీలో ఉన్న ఒక్క మాట కూడా ఈ మూడు వాక్యాల్లో అచ్చంగా లేదు. అదీ ఒకే కారణంతో కాదు.

"తమ్ముడు" సంగతి తేలిక. మాట చివర మారింది. ఇంగ్లీష్‌లో "టు", "ఫ్రమ్" అని విడిగా నిలబడేవి మనకి మాటకే అతుక్కుంటాయి. తమ్ముడు, తమ్ముని, తమ్మునికి, తమ్మునితోని, ఇండెక్స్‌కి ఇవన్నీ వేర్వేరు మాటలు. దీనికి ప్రిఫిక్స్ క్వెరీ సరిపోతుంది. "తమ్ము*" అని చుక్క గుర్తు పెడితే అలా మొదలయ్యేవన్నీ వస్తాయి.

"మూడు వేలు"ది స్పేస్ గొడవ. తాత కలిపి రాశాడు, నేను విడదీసి అడిగా. ఇక్కడో చిత్రం ఉంది. మొదటి తప్పుడు ఇండెక్స్‌లో అయితే ఈ మాట దొరికేది! దానికి స్పేసూ గుణింతమూ ఒకటే కాబట్టి మూడు వేలు అన్నా, మూడువేలు అన్నా మ, డ, వ, ల. నేను బగ్ సరిచేసి దీన్ని పోగొట్టుకున్నా.

"ఇల్లు" అన్నిటికంటే కష్టం. "ఇల్లు"కీ "ఇంటికి"కీ కలిసే భాగం ఒక్క ఇకారమే. ప్రిఫిక్స్ పెడదామంటే "ఇ*" అని పెట్టాలి, అప్పుడు సగం నోటుబుక్కు వచ్చేస్తుంది. దీని గురించి వెతుకుతుంటే నాకు తెలిసింది, ఇది ఎవరో ఎప్పుడో పట్టీ వేసి పెట్టిన విషయమే అని. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో, అంటే 1858లో, ఇలా విభక్తి ముందు రూపం మార్చుకునే మాటల్ని ఔపవిభక్తికాలు అన్నారు. ఇల్లు–ఇంటి, ఏరు–ఏటి, నోరు–నోటి, చేయి–చేతి, రాయి–రాతి. స్కూల్లో తెలుగు సెకండ్ లాంగ్వేజ్ మార్కుల కోసం బట్టీ పట్టి మర్చిపోయిన పేరు అది. దాన్ని డీబగ్గింగ్ చేస్తూ మళ్లీ కలుస్తానని అనుకోలేదు.

మరి ఏం చేయాలి? ఎవరైనా మొదట చెప్పేది స్టెమ్మర్. మాట చివర్న ఉన్న ప్రత్యయం కోసేసి, మొండెం మాత్రం ఇండెక్స్‌లో పెట్టడం. లూసీన్‌లో తెలుగు అనలైజర్ అని ఒకటుంది, అందులో ఈ కోత కూడా ఉంది. ఎఫ్‌టీఎస్5తో వచ్చే పోర్టర్ స్టెమ్మర్ ఇంగ్లీష్‌కే పనికొస్తుంది. సరే అని నేనే ఒకటి రాశా: చివర లు, కి, కు, ని, లో ఉంటే తీసెయ్. పది నిమిషాల పని. ఫలితం ఏంటంటే, "కిలో" కాస్తా "కి" అయింది, "హలో" "హ" అయింది. "పని" "ప". "ఆకు" "ఆ". మళ్లీ మన "పాలు" వచ్చి "పా" అయి కూర్చుంది. కోశాక కనీసం రెండు అక్షరాలు మిగలాలని నియమం పెడితే ఇవి ఆగాయి కానీ, ఎంత కోసినా "ఇంటికి" మాత్రం "ఇల్లు" అవ్వదు. కోతతో వచ్చేది "ఇంటి", అక్కడితో ఆగిపోతుంది.

అందుకని ఇండెక్స్‌ని ముట్టుకోకుండా క్వెరీ వైపు పనిచేశా. ఔపవిభక్తికాల పట్టీ ఒకటి చేత్తో రాసుకున్నా, అరవై దాకా మాటలు. తాత రాతలో ఉండే తెలంగాణ రూపాలు కూడా కలిపా: ఇండ్లు, ఊర్ల, నీళ్ల. ఎవరైనా "ఇల్లు" అని అడిగితే ప్రోగ్రామ్ దాన్ని "ఇల్లు" లేదా "ఇంటి*" లేదా "ఇంట్లో" లేదా "ఇండ్ల*" అని మార్చి పంపుతుంది. పట్టీలో లేని మాట అయితే, పొడుగు బట్టి చివరి అక్షరం తీసేసి ప్రిఫిక్స్ పెడుతుంది. చూడ్డానికి జుగాడ్‌లా ఉంటుంది. జుగాడే. కానీ తప్పు వచ్చినప్పుడు పట్టీలో ఒక లైన్ మారిస్తే చాలు, ఇండెక్స్ మళ్లీ కట్టక్కర్లేదు. ఆరొందల పేజీలకి ఇది మంచి బేరం అనిపించింది. అరవై లక్షల పేజీలుంటే నా అభిప్రాయం మారుతుందేమో.

స్పేస్ గొడవకి ట్రైగ్రామ్ టోకెనైజర్ వాడా. ఇది మాటల జోలికే పోదు, టెక్స్ట్‌ని మూడేసి కోడ్ పాయింట్ల ముక్కలుగా ఇండెక్స్ చేస్తుంది. "మూడు", "వేలు" విడిగా అడిగినా "మూడువేలు" లోపల రెండూ ఉన్నాయి కాబట్టి పట్టుకుంటుంది. కాకపోతే దీనికి మూడు కోడ్ పాయింట్లకంటే చిన్న మాట అడిగితే అసలు ఏమీ రాదు. "ఈగ" రెండే, "కల" రెండే. "ఊరు"కి కొమ్ముతో కలిపి మూడు కాబట్టి గట్టెక్కుతుంది. ఇంకా, మాట మధ్యలో ఉన్నా పట్టేస్తుంది. పాలు అడిగితే ఈసారి పులి రాలేదు కానీ లోపాలు, పాపాలు వచ్చాయి. అందుకే దీన్ని వెనకాల ఉంచా. మొదటి ఇండెక్స్ సున్నా అంటేనే దీని దగ్గరికి వెళ్తుంది, అప్పుడు స్క్రీన్ మీద "దగ్గరి పోలికలు" అని వేరే రంగులో చూపిస్తుంది.

మిగతా చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తా, మీ టైమ్ మిగులుతుంది.

కంటికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు: ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్ పాయింట్‌తో రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద వేసే గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. స్క్రీన్ మీద "హైదరాబాద్" రెండు రకాలుగానూ ఒకేలా కనబడుతుంది, ఇండెక్స్‌లో మాత్రం ఒకదానికొకటి దొరకవు. ఎఫ్‌టీఎస్5 దీన్ని సరిచేయదు. లోపలికి వెళ్లే టెక్స్ట్‌నీ, క్వెరీనీ రెండిటినీ ముందే ఎన్ఎఫ్‌సీకి నార్మలైజ్ చేసుకోవాలి. పైథాన్‌లో ఒక్క లైన్.

కనబడని అక్షరం: "కంప్యూటర్‌లో" అని రాసేటప్పుడు ర కింద ల ఒత్తు పడకుండా కొందరి కీబోర్డు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడుతుంది. యూనికోడ్61కి అది కూడా స్పేసే, మాట "కంప్యూటర్", "లో" అని రెండవుతుంది. ఇది మనకి ఫ్రీగా దొరికిన స్టెమ్మింగ్! కానీ అక్క కీబోర్డు పెట్టింది, నా కీబోర్డు పెట్టలేదు. సగం పేజీల్లోనే దొరికే లాభం నష్టం కంటే ఎక్కువ పరేషాన్ చేస్తుంది.

వెళ్లి, వెళ్ళి. ఊళ్లో, ఊళ్ళో. రెండూ వాడుకలో ఉన్నాయి. నేను ఇండెక్స్‌లోకి పోయేముందు ళ కింద ళ ఒత్తుని ల ఒత్తుగా మార్చేస్తున్నా. తాత "ఖర్చు"ని ఎప్పుడూ "కర్చు" అనే రాశాడు, దాన్ని మాత్రం దిద్దలేదు. అది ఆయన రాత. పట్టీలో చేర్చా.

"3000/-" అని అడిగితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. గీతలు, కోలన్లు, చుక్కలు క్వెరీ భాషలో భాగం. వాడేవాళ్లు టైప్ చేసింది ఏదైనా డబుల్ కోట్స్‌లో పెట్టి పంపాలి. ఇంకా, బీఎం25 ర్యాంకింగ్ ఎఫ్‌టీఎస్5లో నెగటివ్ అంకెలిస్తుంది, తక్కువ అంకె అంటే మంచి పోలిక. నేను అలవాటు ప్రకారం పెద్దది పైన పెట్టి, చెత్త పేజీల్ని ముందు చూపించా కొన్నాళ్లు.

అన్నిటికంటే పనికొచ్చింది ఏంటంటే, క్వెరీల పరీక్ష పేపర్ ఒకటి రాసుకోవడం. ముప్ఫై క్వెరీలు, ఒక్కోదానికి ఏ పేజీలు రావాలో నేను చదివి చేత్తో రాసుకున్న జవాబు. ఏది మార్చినా ముప్ఫైనీ నడిపి, ఏవి కొత్తగా దొరికాయి, ఏవి పోయాయి అని చూస్తా. "మూడువేలు" పోగొట్టుకున్న సంగతి ముందే తెలిసేది, ఇది ముందే ఉండుంటే. ఇక ఫలితం సున్నా వచ్చినప్పుడు నా ప్రోగ్రామ్ ఇప్పుడు "లేదు" అనదు. మీ మాట ఏయే టోకెన్లుగా తెగిందో, ఒక్కో టోకెన్ ఇండెక్స్‌లో ఎన్నిసార్లు ఉందో కింద చూపిస్తుంది. ఆ రోజు అది ఉంటే "ఇల్లు" కింద, "తమ్ముడు" కింద విడివిడిగా అంకెలు కనబడేవి. నాలుగు మాటలూ ఒకే పేజీలో కలవలేదన్న దానికీ, తాత రాయలేదన్న దానికీ తేడా ఉందని టీవీ ముందు కూర్చున్న మా నాన్నకి కూడా అర్థమయ్యేది.

ఆ పేజీ దొరికిన రోజు సాయంత్రం, నోటుబుక్కునే పట్టుకెళ్లి తాత ముందు పెట్టా, ల్యాప్‌టాప్ కాదు. సారీ చెప్పా. ఆయన వేలితో ఆ మూడు లైన్లూ తడుముకుంటూ చదివాడు. "దసరకు ఇయ్యాలె అని రాసిన. ఏ దసరకో రాయలే చూడు" అన్నాడు. నాన్న కూడా చదివి, కాసేపటికి చిన్న తాత కొడుక్కి ఫోన్ చేసి పెళ్లి పనులు ఎంతవరకొచ్చాయని అడిగాడు. డబ్బు మాట ఏం మాట్లాడారో నాకు తెలీదు, బాల్కనీలోకి వెళ్లి మాట్లాడుకున్నాడు.

తాత ఇప్పుడు దాన్ని "నీ మిషన్" అంటాడు. మొన్న అడిగాడు: "మీ నాన పుట్టిననాడు వాన పడ్డది. నీ మిషన్‌ను అడుగు, రాసిన్నా లేదా." "వాన" అని కొట్టా. సున్నా. పట్టీలో "వాన", "వానల", "వానకు" అన్నీ ఉన్నాయి, టోకెన్లు సరిగ్గానే తెగాయి, ట్రైగ్రామ్‌కి వెళ్లినా అంతే. "వర్షం" కూడా సున్నా.

"తాతా, వాన పడితే నువ్వు ఏమని రాస్తవ్?"

కొంచెం ఆలోచించాడు. "ముసురు వట్టింది అని రాస్త."

పధ్నాలుగు పేజీలు వచ్చాయి. ఆరోది నాన్న పుట్టిన రోజు.